షెల్టీనా, కోలీనా, బోర్డర్ కోలీనా, కోర్గీనా: మీ ఇంటికి సరిపడే కాపరి కుక్క ఏది?

కుక్కను తెచ్చుకుందామని పిల్లలు పట్టుబట్టిన ఇళ్లలో చర్చ చాలావరకు ఫొటోల దగ్గరే మొదలై అక్కడే ముగుస్తుంది. కోల ముఖం, మెడ చుట్టూ తెల్లని జూలు, నవ్వుతున్నట్టుండే నోరు చూసి షెల్టీని, అంటే షెట్లాండ్ షీప్‌డాగ్‌ను, ఇష్టపడతారు. ఇంకొంచెం వెతికితే అదే పోలికతో పెద్దదైన రఫ్ కోలీ కనబడుతుంది. ఎవరో స్నేహితుడు అన్నిటికన్నా తెలివైనది బోర్డర్ కోలీ అంటాడు. ఇంట్లో చిన్నది కోర్గీ పొట్టి కాళ్ల మీద మనసు పారేసుకుంటుంది. ఇక తేలదు.

ఈ నాలుగూ బ్రిటన్‌లో మందలను కాసిన జాతులే. కాబట్టి నాలుగూ చురుకైనవి, నాలుగూ మొరుగుతాయి, నాలుగూ బొచ్చు రాలుస్తాయి, కదిలే దేన్నయినా వెంటబడి అదిలించాలని నాలుగింటికీ ఉంటుంది. తేడా ఉన్నది మోతాదులో. మీ ఇల్లు దేన్ని ఎంత మోతాదులో భరించగలదో తేల్చుకుంటే ఎంపిక సగం అయినట్టే. నేను షెల్టీతో జీవిస్తున్న మనిషిని. ఆ జాతి అంటే ప్రాణం. అందుకే దాన్ని సరిపడని ఇంటికి తీసుకెళ్లడం చూస్తే బాధ కలుగుతుంది.

ముందు తేల్చుకోవలసినవి

అన్నిటికన్నా ముందు చూడవలసినది అరుపు. పరిమాణం, రంగు, ధర దాని తరవాతే. గోడకు గోడ ఆనుకుని ఉన్న అపార్ట్‌మెంట్‌లో, ఫిర్యాదులు రాసే పొరుగువారి మధ్య ఉంటున్నారా? రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రపోయేవారు ఇంట్లో ఉన్నారా? ఈ ప్రశ్నకు మీరిచ్చే జవాబు ఒక్కటే రెండు జాతులను పక్కన పెట్టేస్తుంది.

రెండోది, రోజులో ఇల్లు ఖాళీగా ఉండే సమయం. మంద కాసిన కుక్కలు మనిషి పక్కన, మనిషి సైగను గమనిస్తూ పనిచేయడానికి తీర్చిదిద్దినవి. తొమ్మిది గంటలు ఒంటరిగా వదిలితే అవి నిద్రపోతూ గడపవు. ఏదో ఒక పని కల్పించుకుంటాయి, ఆ పని మీకు నచ్చదు.

మూడోది, ఇంటి గొంతు. గట్టిగా మాట్లాడుకునే ఇళ్లు మనవి. అందులో తప్పేమీ లేదు. కానీ కోపంగా పెరిగే గొంతుకు ఒక జాతి తోక ఊపుతూ నిలబడితే, మరొకటి బల్ల కిందకు దూరి గంటసేపు బయటకు రాదు.

తరవాత వేసవి ఎండ, దువ్వడానికి దొరికే తీరిక, వైద్యం ఖర్చు. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉంటున్న తెలుగు కుటుంబాలు మరో రెండు విషయాలు కూడా ఆలోచించాలి. ఇండియా ప్రయాణంలో నెలరోజులు కుక్క ఎవరి దగ్గర ఉంటుంది? నెలల తరబడి ఉండటానికి వచ్చే అమ్మమ్మ, తాతయ్యల కాళ్లకు అడ్డం పడితే తట్టుకునే పరిమాణమేది?

| | షెల్టీ | రఫ్ కోలీ | బోర్డర్ కోలీ | పెంబ్రోక్ కోర్గీ |
|---|---|---|---|---|
| ఎత్తు | 33–41 సెం.మీ. | 56–66 సెం.మీ. | 46–56 సెం.మీ. | 25–30 సెం.మీ. |
| బరువు | 7–11 కిలోలు | 23–34 కిలోలు | 14–25 కిలోలు | 12–14 కిలోలు |
| అరుపు | చాలా ఎక్కువ | మధ్యస్థం | మధ్యస్థం | ఎక్కువ |
| రోజూ వ్యాయామం | సుమారు గంట | సుమారు గంట | రెండు గంటలు, అదనంగా పని | సుమారు గంట |
| దువ్వడం | వారానికి రెండు మూడుసార్లు, శ్రద్ధగా | అంతే, కానీ రెట్టింపు సమయం | వారానికి ఒకటి రెండుసార్లు | సులువే, రాలడం మాత్రం ఏడాది పొడవునా |
| మందలింపుకు స్పందన | ముడుచుకుపోతుంది | నొచ్చుకుంటుంది | ఆందోళన పడుతుంది | పెద్దగా పట్టించుకోదు |
| ముఖ్యంగా చూడవలసిన జబ్బులు | పిత్తాశయం, థైరాయిడ్, కళ్లు, చర్మం | కళ్లు, మందులు పడకపోవడం | తుంటి కీళ్లు, మూర్ఛ, కళ్లు | వెన్నుపూస, ఊబకాయం |

షెల్టీ: మెత్తని మనసు, పెద్ద గొంతు

స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవులు దీని పుట్టిల్లు. అక్కడి చిన్న రైతులకు పొలాల చుట్టూ కంచెలు ఉండేవి కావు. గొర్రెలు పంటలో పడకుండా, పక్షులు వాలకుండా అరిచి తరమడం ఈ చిన్న కుక్కల ఉద్యోగం. 1908లో లెర్విక్ పట్టణంలో జాతి సంఘం పెట్టినప్పుడు వీటిని షెట్లాండ్ కోలీ అన్నారు. కోలీ పెంపకందారులు అభ్యంతరం చెప్పడంతో తరవాత షెట్లాండ్ షీప్‌డాగ్‌గా మార్చారు. అందుచేత షెల్టీ అరుపు దురలవాటు కాదు, తరతరాలుగా దాని జీతం. దాన్ని తగ్గించవచ్చు, పూర్తిగా మాన్పించలేరు. ఇది ఒప్పుకోలేనివారు ఇక్కడే ఆగి కింద కోలీ భాగానికి వెళ్లండి.

కాలింగ్ బెల్లు, డెలివరీ బండి, పక్కింటి తలుపు, మిక్సీ, కుక్కర్ విజిల్ అన్నీ దానికి ప్రకటించదగిన వార్తలే. నేను చూసినంతలో పనిచేసే పద్ధతి ఇది. రెండు మూడుసార్లు మొరగనివ్వండి. దగ్గరకు వెళ్లి, తలుపు వైపు చూసి, మామూలు గొంతుతో "చాలు" అనండి. ఊపిరి తీసుకోవడానికైనా అది ఆగిన ఆ క్షణంలోనే చిన్న తినుబండారం ముక్క నోటికి అందించండి. రోజులు గడిచేకొద్దీ ఆ నిశ్శబ్దాన్ని రెండు సెకన్ల నుంచి ఐదుకు, ఐదు నుంచి పదికి పొడిగిస్తూ పోండి. మీరూ గట్టిగా అరిచారంటే యజమాని కూడా తనతో గొంతు కలిపాడని అది సంబరపడుతుంది. మెడకు కరెంటు షాక్ ఇచ్చే పట్టీలు అమ్ముతారు. షెల్టీకి వాటిని దయచేసి వాడకండి. ఆ నొప్పికి కారణం ఎదురుగా ఉన్న పిల్లవాడే అనుకుంటే, ఆ భయం తీసేయడం మహా కష్టం.

మిగతా శిక్షణలో మాత్రం షెల్టీ మనకు వరం. 1994లో వెలువడిన, ఇప్పటికీ అందరూ ఉదహరించే కుక్కల తెలివి జాబితాలో బోర్డర్ కోలీ మొదటిది, షెల్టీ ఆరోది, పెంబ్రోక్ కోర్గీ పదకొండోది, కోలీ పదహారోది. ఆ అంకెల కన్నా నాకు ముఖ్యం అనిపించేది, షెల్టీకి మీ ముఖం చదవాలన్న తపన. కొత్త పాఠం నేర్పేటప్పుడు పది నిమిషాలు దాటనివ్వకండి. ఇంట్లో అందరూ ఒకే మాట వాడండి. నాన్న "సిట్" అని, అమ్మ "కూర్చో" అని, పిల్లలు ఇంకేదో అంటూ ఉంటే అది బిక్కమొహం వేస్తుంది. తెలుగులోనే నేర్పండి, అమ్మమ్మ వచ్చినప్పుడు ఆమె మాట కూడా వింటుంది.

పిల్ల దశలో మూడో వారం నుంచి పద్నాలుగో వారం వరకు ఉండే కాలం దీనికి చాలా విలువైనది. ఆ రోజుల్లో గడ్డం ఉన్నవారిని, గొడుగు పట్టినవారిని, చేతికర్రతో నడిచేవారిని, చీర కట్టినవారిని, చక్రాల సూట్‌కేసును ప్రశాంతంగా పరిచయం చేయాలి. టీకాలు పూర్తికాకపోతే చంకన ఎత్తుకుని తిప్పండి. ఆ సమయం వృథా అయితే పెద్దయ్యాక కొత్తవారిని చూసి వెనక్కి తగ్గే కుక్క మిగులుతుంది. దీపావళి టపాసులు, అమెరికాలో జులై 4 బాణసంచా షెల్టీలకు గడ్డు రోజులు. ఆ సాయంత్రం చీకటి పడకముందే నడిపించి తీసుకొచ్చి, కిటికీలు మూసి, ఫ్యాను వేసి, దాని పక్కన కూర్చోండి.

పరుగెత్తే సైకిళ్లు, కార్లు, పిల్లలు కనబడితే వెంటబడే గుణం ఉంది కాబట్టి కంచె లేనిచోట పట్టీ విప్పవద్దు. "రా" అంటే ఎక్కడున్నా వెనక్కి రావడం అన్ని పాఠాలకన్నా ముందు నేర్పాలి. వచ్చిన ప్రతిసారీ దానికి మంచే జరగాలి. స్నానానికో, గోళ్లు కత్తిరించడానికో ఆ మాటతో పిలవకండి.

ఇక బొచ్చు. పైన నిటారుగా, గరుకుగా ఉండే పొర, లోపల దట్టమైన ఉన్ని లాంటి పొర. పైపైన దువ్వితే నిగనిగలాడుతుంది కానీ లోపల చిక్కు అలాగే ఉంటుంది. పక్కకు పడుకోబెట్టి, కొద్దిగా నీళ్లు చిలకరించి, ఒక చేత్తో బొచ్చును పైకి పట్టుకుని, చర్మం గీతలా కనబడేలా పాయ తీసి, కింద నుంచి పొరపొరగా దువ్వాలి. చెవి వెనక వెంట్రుకలు పట్టు దారాల్లా ఉంటాయి. అక్కడ వేలితో తడిమితే గోలీ అంత ఉండ తగులుతుంది. దాన్ని లాగకుండా వేళ్లతో విడదీసి, తరవాత సన్న పళ్ల దువ్వెన పెట్టాలి. తొడల వెనక, చంకల్లో కూడా ఇలాగే. వేడిగా ఉందని బొచ్చు గొరిగించవద్దు. ఆ రెండు పొరలే ఎండ నుంచీ చర్మాన్ని కాపాడతాయి, గొరిగాక మళ్లీ సరిగ్గా పెరగకపోవచ్చు. ఆడ షెల్టీ ఎదకు వచ్చిన కొన్ని నెలలకు ఒంటి మీది బొచ్చంతా రాల్చేస్తుంది. మగది ఏడాదికి ఒకసారి ఎక్కువగా రాలుస్తుంది. జూలు అందం కోసమే షెల్టీ కావాలనుకునేవారికి మగదే మేలు.

రఫ్ కోలీ: అదే ముఖం, మరింత నిదానం

షెల్టీ నచ్చినా దాని ఉలికిపాటు భయపెడుతున్నవారు కోలీని తప్పక చూడాలి. విక్టోరియా రాణి స్కాట్లాండ్‌లోని బాల్మోరల్‌లో వీటిని చూసి ముచ్చటపడ్డాక ఈ జాతి కొండల నుంచి పట్నం ఇళ్లకు చేరింది. పిల్లలతో కోలీ ఓర్పు గొప్పది. మొరుగుతుంది కానీ గొంతు లోతుగా, తక్కువసార్లు.

ఇబ్బంది పరిమాణమే. ముప్పై కిలోల కుక్క సంతోషంతో ఎదురొస్తే మోకాళ్ల నొప్పులున్న తాతయ్య తూలిపడవచ్చు. కారులో సగం సీటు దానిదే. మందుల ఖర్చూ, కుక్కల హాస్టల్ ఖర్చూ బరువును బట్టి పెరుగుతాయి. బొచ్చు భయపెడితే స్మూత్ కోలీ అని పొట్టి బొచ్చు రకం ఉంది. అదే స్వభావం, దువ్వే పని చాలా తక్కువ. ఎందుకో దాని వైపు ఎవరూ చూడరు. నన్నడిగితే చిన్న పిల్లలున్న, పెరడు ఉన్న ఇంటికి ఈ నాలుగింటికన్నా పెంచడం సులువైనది అదే.

బోర్డర్ కోలీ: తెలివి చూసి మోసపోవద్దు

ఇది గొప్ప కుక్క. కానీ చాలా ఇళ్లకు సరిపడదు. ఇంగ్లండ్, స్కాట్లాండ్ సరిహద్దు కొండల్లో రోజంతా పరుగెత్తి, కంటి చూపుతోనే గొర్రెను కదిలించే పనికి తయారైన శరీరం, మెదడు దానివి. రెండు పూటలా వీధి చివరి దాకా నడిపిస్తే దానికి అది ఒళ్లు విరుచుకున్నట్టు కూడా కాదు. పని లేని బోర్డర్ కోలీ గోడ మీది నీడలను, కారు చక్రాలను, తన తోకనే వెంటాడడం మొదలుపెడుతుంది. ఆ అలవాటు పడ్డాక విడిపించడం శిక్షకులకూ కష్టమే.

ఎవరికి తగినది? రోజూ పరుగెత్తేవారికి, అడ్డంకులు దాటుతూ పరుగెత్తే అజిలిటీ వంటి ఆటల్లో వారానికి రెండు మూడు రోజులు నిజంగా గడిపేవారికి. అలాంటివారికి కూడా మొదటి కుక్కగా దీన్ని సూచించను. ఆ ఆటలే ఇష్టమైతే షెల్టీ వాటిలో ఆరితేరినది. పోటీ లేని రోజున ఇంట్లో ప్రశాంతంగా పడుకోవడం కూడా దానికి వచ్చు.

పెంబ్రోక్ కోర్గీ: ధైర్యశాలి, తిండిపోతు

రెండో ఎలిజబెత్ రాణికి ప్రీతిపాత్రమైన ఈ పొట్టి కుక్క వేల్స్‌లో పశువులను తోలింది. ఆవు మడమను కొరికి, అది తన్నేలోపు నేలకు కరుచుకుని తప్పించుకోవడం దాని విద్య. పరుగెత్తే పిల్లల మడమల మీద ఆ విద్య ప్రదర్శిస్తుంది కాబట్టి మొదటి నెలల్లోనే మాన్పించాలి. సందడి ఇల్లు, గట్టి గొంతులు, అతిథులు దానికి పట్టవు. షెల్టీ ముడుచుకుపోయే చోట కోర్గీ మధ్యలో కూర్చుంటుంది.

దాని బలహీనత నడుము. పొడవాటి వెన్ను, పొట్టి కాళ్లు. సోఫా మీద నుంచి దూకడం, మెట్లు ఎక్కి దిగడం వెన్నుపూస మధ్య డిస్కులకు చేటు. మెట్లున్న ఇంట్లో గేటు పెట్టాలి. అరకిలో పెరిగినా ఆ భారం వెన్ను మీదే పడుతుంది. అడిగిన ప్రతిసారీ పెట్టే ప్రేమ ఉన్న ఇళ్లలో కోర్గీ త్వరగా రోగిష్టి అవుతుంది.

మందులు, తిండి: ఇక్కడ అజాగ్రత్త పనికిరాదు

కోలీ కుటుంబపు కుక్కలను పెంచేవారు ఎండీఆర్1 అనే మాట గుర్తుంచుకోవాలి. కొన్ని మందులను మెదడులోకి పోకుండా బయటకు నెట్టే ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువు అది. ఆ జన్యువులో లోపం ఉన్న కుక్కకు మామూలు మందే విషమవుతుంది. అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2001లో దీన్ని బయటపెట్టారు. కోలీల్లో సుమారు 70 శాతం, షెల్టీల్లో సుమారు 15 శాతం కుక్కలకు ఈ లోపం ఉంటుంది. బోర్డర్ కోలీల్లో అరుదు.

మనకు ఇది ఎందుకు ముఖ్యమంటే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పిడుదులకూ, గజ్జికీ ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ విరివిగా వాడతారు. గజ్జికి ఇచ్చే ఎక్కువ మోతాదు లోపమున్న కుక్కకు పడితే తూలడం, చూపు పోవడం, కోమా, మరణం దాకా వెళ్లవచ్చు. గుండె పురుగు రాకుండా నెలకోసారి ఇచ్చే అతి చిన్న మోతాదు మాత్రం సురక్షితమే. విరేచనాలకు మన ఇళ్లలో ఉండే లోపెరమైడ్ మాత్ర కూడా ఈ ప్రమాదకరమైన జాబితాలోదే. బుగ్గ లోపలి నుంచి దూదిపుల్లతో తీసిన నమూనాతో జన్యు పరీక్ష చేస్తారు. ఆ ఫలితాన్ని టీకాల పుస్తకం మొదటి పేజీలో రాయించండి. పరీక్ష చేయించేవరకు డాక్టరుకు ప్రతిసారీ "ఇది కోలీ వంశం" అని మీరే చెప్పండి.

తిండి సంగతి షెల్టీకి ప్రత్యేకం. ఈ జాతిలో రక్తంలో కొవ్వు పెరగడం, పిత్తాశయంలో జిగురు గడ్డకట్టడం మిగతా జాతులకన్నా ఎక్కువ. కనుక నేతి ముద్ద, పూరీ ముక్క, చికెన్ కూర మీద తేలిన నూనె దీనికి ప్రేమ కాదు. వాంతులు, కడుపు పట్టుకుని వంగి నిలబడటం, కళ్ల తెల్లగుడ్డు పసుపెక్కడం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ ఏ కుక్కకూ పెట్టకూడదు. అంటే సాంబారు అన్నం, కిస్మిస్ వేసిన పాయసం రెండూ వద్దు. శిక్షణకు బహుమతిగా ఉప్పు లేకుండా ఉడికించిన కోడి రొమ్ము ముక్కలు, క్యారెట్, బీన్స్ చాలు.

మీ పరిస్థితిని బట్టి

ఇంటి నుంచి పనిచేసేవారు ఒకరున్న, నెమ్మదిగా మాట్లాడుకునే, సొంత ఇల్లో దూరంగా ఉన్న పొరుగో ఉన్న కుటుంబానికి షెల్టీని మించినది లేదు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు దానికి గొప్ప స్నేహితులవుతారు. ఒంటరిగా ఉండే పెద్దవారికీ బాగుంటుంది, ఎత్తుకోగలిగిన బరువు, నీడలా వెన్నంటి ఉండే స్వభావం.

రెండేళ్ల, మూడేళ్ల పిల్లలున్న ఇంటికి కోలీ. అతిథులతో ఎప్పుడూ కళకళలాడే ఇంటికి కోర్గీ. ఇద్దరూ పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే ఇంటికి ఈ నాలుగింటిలో ఏదీ వద్దు. మధ్యాహ్నం నడిపించే మనిషిని పెట్టుకోగలిగితే కోలీ గురించి ఆలోచించవచ్చు.

ఏటా ఇండియా వచ్చివెళ్లే కుటుంబం షెల్టీని ఎంచుకుంటే, పిల్ల వయసు నుంచే ఒకే వ్యక్తి దగ్గర ఒక పూట, ఒక రాత్రి, ఒక వారాంతం ఉంచుతూ అలవాటు చేయాలి. ఎన్నడూ చూడని హాస్టల్లో ఒక్కసారిగా నెలరోజులు వదిలితే తిండి మానేసే షెల్టీలు ఉంటాయి. కోర్గీ ఈ విషయంలో త్వరగా సర్దుకుంటుంది.

హైదరాబాద్, విజయవాడల్లో ఉన్నవారికి నా సలహా సూటిగా చెబుతాను. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ గది, సూర్యోదయానికి ముందు నడక, రోడ్డు చల్లారాక మళ్లీ నడక సమకూర్చలేకపోతే ఈ నాలుగూ వద్దు. తారు రోడ్డు మీద మీ అరచేతిని ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ ఉంచలేవు. పైగా షెల్టీలు ఇక్కడ అరుదు కావడంతో, ఇంకేదో సంకరాన్ని "మినీ కోలీ" పేరుతో అంటగట్టేవారున్నారు. అలాంటి జాతి లేదు. మన ఎండకు పుట్టిన దేశీ కుక్కను బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ వంటి సంస్థల నుంచి తెచ్చుకోండి. తెలివిలో, అంటిపెట్టుకుని ఉండటంలో అది దేనికీ తీసిపోదు.

షెల్టీయే అని నిర్ణయించుకున్నారా? పిల్లనే తేవాలని లేదు. మూడు నాలుగేళ్ల షెల్టీని దత్తతకు ఇచ్చే సంస్థలు అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. పెద్దదైతే ఎంత మొరుగుతుందో, పిల్లలతో ఎలా ఉంటుందో, ఎంత ఎత్తు పెరిగిందో కంటికి కనిపిస్తుంది. షెల్టీ పిల్లల విషయంలో ఆ ఎత్తు ఊహించడం కష్టం. తల్లిదండ్రులు 40 సెంటీమీటర్ల లోపున్నా పిల్ల దాన్ని మించి పెరగవచ్చు.

బ్రీడర్ దగ్గర కొంటే తల్లిని చూపించమనండి. మీరు గదిలోకి రాగానే మొరిగినా సరే, కాసేపటికి దగ్గరకు వచ్చి చెయ్యి వాసన చూసే తల్లి అయితే మంచిది. చివరిదాకా మూలనే నక్కి ఉంటే ఆ పిల్లలు వద్దు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య కంటి నిపుణుడు పిల్లలను పరీక్షించిన కాగితం అడగండి. కోలీ జాతులకు వచ్చే కంటి లోపం కొన్నిటిలో ఆ వయసు దాటితే రంగు కమ్మి కనబడకుండా పోతుంది. తల్లిదండ్రుల ఎండీఆర్1, థైరాయిడ్, తుంటి కీళ్ల ఫలితాలు, రక్తం గడ్డకట్టని వాన్ విల్లెబ్రాండ్ జబ్బు పరీక్ష కూడా అడగండి. తల్లీ తండ్రీ ఇద్దరూ నీలి మచ్చల మెర్ల్ రంగువైతే వెంటనే వద్దనండి. ఆ కలయికలో కొన్ని పిల్లలు చెవుడు, గుడ్డితనంతో పుట్టవచ్చు. కాగితాలు తరవాత పంపిస్తాను, ముందు అడ్వాన్సు కట్టండి అనేవారి దగ్గర పిల్ల ఎంత ముద్దుగా ఉన్నా డబ్బు ఇవ్వకుండా వచ్చేయండి.